కుళాయి కింద రాణిగారు

సోమవారం

వెళ్ళాడు. తలుపు వేసి, మళ్ళీ తీసి, దుర్భిణీ మర్చిపోయానంటూ లోపలికొచ్చి, నా మొహం చూడకుండా దాన్ని మెళ్ళో వేసుకుని, మళ్ళీ వెళ్ళాడు. (మా ఆయన ఎదురుగా ఉంటే ‘వెళ్ళారు’ అంటాను. ఇది నా డైరీ, ఇక్కడ మర్యాదలు అక్కర్లేదు.) ఆ దుర్భిణీకి జరిగే సత్కారం ఈ ఇంట్లో ఇంకెవరికీ జరగదు. దాన్ని తుడవడానికి ప్రత్యేకంగా మెత్తటి గుడ్డ ఉంది. పేరుకి కళ్ళజోళ్ళ షాపు ఆయనది, ఊరందరి చూపూ పరీక్ష చేస్తాడు. నా కళ్ళజోడు కాడ విరిగి నెలలైంది, దారం కట్టుకుని పెట్టుకుంటున్నాను. అది ఇంతవరకు ఆయన కంటబడలేదు.

పోట్లాట కుళాయి దగ్గర మొదలైంది. పెరట్లో కుళాయి ఏడాదిగా కారుతోంది. కింద నేలంతా బురదయింది, బురదలో గడ్డి మొలిచింది, గడ్డి నా నడుము దాకా పెరిగింది. "వెళ్ళేముందు దాని సంగతి చూడండి" అన్నాను. "వచ్చాక చూస్తాలే" అన్నాడు. ఆ ‘వచ్చాక’ ఎన్ని ప్రయాణాలు చూసిందో. నేనింకో నాలుగు మాటలన్నాను. "ఇదిగో, ఇలా ఆపకుండా మాట్లాడతావనే నిన్ను పిట్టల్ని చూడ్డానికి తీసుకెళ్ళనిది" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి తీసుకెళ్ళాడు. చెరువు గట్టు మీద నేను నోరు తెరిచానట, ఏదో కొంగ ఎగిరిపోయిందట. పాతికేళ్ళు దాటినా ఆ కొంగ శాపం నన్నింకా వదల్లేదు.

ఇప్పుడు పక్షుల సంఘం పెద్దమనుషులందరూ వ్యాను కట్టించుకుని ఎక్కడో దూరాన ఉన్న మడుగులకి పోయారు, రాణిగారి దర్శనం కోసం. రాణిగారంటే ఏమీ లేదు, ఒక చిన్న నీటికోడి. చాలా అరుదట, చాలా సిగ్గట, గడ్డిలోంచి బయటికి రాదట. సంఘంలో ఇంతవరకు ఎవరికీ కనబడలేదు కాబట్టి ఆ బిరుదు.

ఆదివారం వస్తాడు. రాగానే చెప్పేస్తాను, చెల్లెలి ఊరికి వెళ్ళిపోతున్నానని. దానింట్లో పై గది ఖాళీగా ఉంది. వెలుతురు బాగుంటుంది, నా పనిబల్ల పడుతుంది. కట్టుడు పళ్ళ పని ఎక్కడైనా ఒకటే, అక్కడి జనానికీ పళ్ళు ఊడతాయి. నాలుగు రోజులు ఉండి రావడానికి కాదు. వెళ్ళిపోవడానికే.

మంగళవారం

హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చాలా హాయిగా ఉంది.

బుధవారం

ప్లంబరుకి ఫోను చేశాను. శుక్రవారం వస్తానన్నాడు. ఆ సంగతి చెప్తే చెల్లెలు నవ్వింది. "వదిలేసి వచ్చే ఇంటికి కుళాయి బాగు చేయిస్తున్నావా? అక్కా, నువ్వసలు వచ్చే మనిషివేనా?" అంది. వచ్చే మనిషినే. కుళాయి నా పంతం, అది వేరే లెక్క.

బ్యాంకు మేనేజరుగారి కింది వరస పళ్ళు మొదలుపెట్టాను. పళ్ళ డాక్టరు దవడ అచ్చు తీసి పంపుతాడు, నేను దాని మీద మైనం పరిచి పళ్ళు ఒక్కొక్కటే నిలబెడతాను. రంగులు సరిచూసుకోవాలంటే పగటి వెలుగు కావాలి. అందుకే నా బల్ల పెరటి కిటికీకి ఆనించి ఉంటుంది. తలెత్తితే కుళాయి, బురద, గడ్డి. నా ప్రపంచ యాత్ర అంతే.

మధ్యాహ్నం గడ్డిలోంచి కోడిపిల్ల లాంటిదేదో వచ్చి బురదలో పొడుచుకుంటూ తిరిగింది. ఎవరింట్లోంచో తప్పించుకొచ్చింది కాబోలనుకుని, కిటికీ తీసి "హుష్, ఫో" అని మైనం ముక్క విసిరాను. మళ్ళీ గడ్డిలో దూరింది.

గురువారం

అది కోడిపిల్ల కాదు.

అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

పొద్దున మళ్ళీ వచ్చింది. కాళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. కోడిపిల్లకి పచ్చకాళ్ళేమిటి? వీపు గోధుమరంగు, దాని మీద సున్నం చిలకరించినట్టు తెల్లచుక్కలు. పొట్ట కింద నలుపూ తెలుపూ చారలు. బెత్తెడు లేని తోకని ఊరికే ఎగరేస్తోంది. దీన్నెక్కడో చూశానే అనుకున్నాను. ఎక్కడో ఏమిటి, రోజూ పొద్దున్నే చూస్తాను. మహానుభావుడు రాణిగారి బొమ్మ నిలువెత్తు వేయించి మరుగుదొడ్డి తలుపుకి లోపలివైపు అంటించాడు. కూర్చుంటే సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ మొహాన్ని చూసినంత తీరిగ్గా నేను మా అత్తగారి మొహం కూడా చూడలేదు.

అయినా నమ్మకం చాలక, వెళ్ళి కూర్చుని మళ్ళీ చూశాను. అదే. ముక్కు అదే, కనుబొమ్మ దగ్గర బూడిదరంగు అదే. పరుగెత్తుకుంటూ కిటికీ దగ్గరికొచ్చేసరికి రాణిగారింకా అక్కడే ఉన్నారు, ఒక పురుగుతో కుస్తీ పడుతున్నారు. గుండె దడదడలాడింది. పెళ్ళినాడు కూడా నాకింత దడ పుట్టలేదు. (ఆ రోజు ఆకలి ఎక్కువగా ఉండింది.) ఎంత సంతోషం వేసిందో రాయడం నాకు చేతకాదు. ఒంటరిగా గదిలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.

చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పెద్దమనుషులు వ్యాను కట్టించుకుని పోయారు. రాణిగారు మా ఇంటి బురదలో, ఆయన బాగుచెయ్యని కుళాయి కింద దయచేశారు.

మేనేజరుగారి కోరపన్ను ఉండాల్సిన చోట దవడ పన్ను నిలబెట్టాను. తీసి మళ్ళీ పెట్టాలి.

శుక్రవారం

ఆయన ఫోను. "ఒకటే వాన. జలగలు. ఇంకా కనబడలేదు" అన్నాడు. "అయ్యో" అన్నాను. "ఇంట్లో ఏమిటి?" "ఏముంటుంది?" అన్నాను. ఆ నిమిషంలోనే రాణిగారు కుళాయి కింద స్నానం చేస్తున్నారు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఆయన నలుగురిలో అంటుంటాడు. ఇవాళ నానింది.

సంఘానికి ఒక నియమం ఉంది. అరుదైన పిట్ట కనబడితే ఆ రోజే కార్యదర్శికి చెప్పాలి, దాచిపెడితే ద్రోహం, బహిష్కారం. రాసింది మా ఆయనే, కార్యదర్శి కూడా మా ఆయనే. కానీ నేను సభ్యురాలిని కాను కదా. చేర్చుకుంటేగా ద్రోహం చెయ్యడానికి.

ప్లంబరు వచ్చాడు. వీధి గుమ్మంలోనే ఆపేశాను.

"ఇప్పుడొద్దు బాబూ. తర్వాత పిలుస్తాను."

"కారుతోందని మీరేగా ఫోను చేశారు?"

"కారనీ."

"ఆగిపోయిందా అమ్మా?"

"లేదు, కారుతోంది. బాగా కారుతోంది. అలాగే ఉండనీ."

అతను నన్నొకసారి, నా కళ్ళజోడుకి కట్టిన దారాన్నొకసారి చూసి, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగి వెళ్ళిపోయాడు.

శనివారం

పిల్లి.

పక్కింటి కండక్టరుగారిది. బస్సు ఉద్యోగం మానేసి చాలాకాలమైనా అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆ పిల్లి మా గోడ మీద కూర్చుని బురదకేసి చూస్తోంది, పెళ్ళివారింట్లో వంటకాలకేసి చూసే వాడిలాగ. చేతికి అందింది విసిరాను. మేనేజరుగారి పై వరస. పిల్లి పోయింది, ముందుపన్ను ఒకటి కూడా పోయింది.

మా రెండిళ్ళకీ మాటల్లేవు. చెత్తడబ్బా గొడవ, ఏళ్ళ నాటిది. అయినా వెళ్ళి తలుపు తట్టాను.

"మా పెరట్లో ఎలకలకి మందు పెట్టించానండి. మీ పిల్లిని కొన్నాళ్ళు లోపలే ఉంచుకోండి. ఏమన్నా అయితే నా ప్రాణం ఒప్పుకోదు" అన్నాను. ఒక్క ముక్క నిజం లేదు.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంతకాలం మిమ్మల్ని ఏమేమో అనుకున్నాను చెల్లెమ్మా" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఎంతోసేపు కాదు.

ఆదివారం

ఆయన ఇవాళ రావాలి. రాలేదు. ఫోను వచ్చింది, ఇంకో నాలుగు రోజులుంటారట. ఎవరో అరుపు విన్నారట. "నీకేం ఇబ్బంది లేదుగా?" "నాకేం ఇబ్బంది?"

వస్తే చెప్పేద్దామనుకున్నది అలాగే ఉండిపోయింది. చెల్లెలు అడిగింది, ఎప్పుడొస్తున్నావని. మేనేజరుగారి పళ్ళు కాగానే అన్నాను. "ఎవరి పళ్ళో అయ్యేదాకా నీ కాపురం ఆగుతుందా?" అంది. దానికి పిట్ట సంగతి చెప్పలేదు. పిట్ట కోసం ఆగానని అనుకుంటుంది. నాకు పిట్టలంటే ఆసక్తి లేదు.

సోమవారం

తెల్లారకముందే మెలకువ వచ్చేస్తోంది. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుంటాను. గడ్డి మొదట్లో కదలిక, తర్వాత ముక్కు, తర్వాత ఒక కాలు పైకెత్తి ఆలోచన, తర్వాత మొత్తం రాణిగారు. ఒకసారి గడ్డిలోంచి అరిచింది కూడా. దువ్వెన పళ్ళ మీద గోరు లాగితే ఎలా ఉంటుందో అలా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దానిమ్మగింజల్లాగ. మరుగుదొడ్డి బొమ్మ పాతదై రంగు వెలిసింది, అందులో కళ్ళు నల్లగానే కనబడతాయి.

దానితో మాట్లాడుతున్నాను. కిటికీ తీసి, మామూలు గొంతుతోనే. మొదటి రోజు గుసగుసలాడాను, తర్వాత మర్చిపోయాను. రాణిగారు తల కూడా ఎత్తరు. నేను నవ్వినా, దగ్గినా, మేనేజరుగారి దవడని తిట్టినా, ఆవిడ పురుగులు ఆవిడవి.

ఇవాళ ఒళ్ళు మండింది. ఇంత సంతోషం ఉందన్నమాట ఇందులో. ఇన్నేళ్ళూ ఈయన ఒక్కడే, నాకు రుచి కూడా చూపించకుండా, దీన్ని అనుభవించి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేవాడన్నమాట. నేను మాట్లాడితే ఎగిరిపోతాయట. ఏ పిట్ట చెప్పింది ఆయనకి?

మంగళవారం

పళ్ళ డాక్టరు ఫోను. మేనేజరుగారు మీటింగుల్లో నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంటున్నారట. రేపు ఇస్తానన్నాను.

బుధవారం

ఇవ్వలేదు. రాణిగారికి అంతా చెప్పాను. చాలాసేపు పట్టింది. చెప్పాక మనసు తేలికైంది.

గురువారం

వచ్చాడు. మొహం మాడిపోయి, కాళ్ళంతా జలగల మచ్చలతో. సంచీ గుమ్మంలో పడేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. సగం రోజయ్యాక చెప్పాడు. చివరి రోజు రాణిగారు కనబడిందట. ఇద్దరు చూశారట. ఆ సమయానికి ఈయన కడుపు బాగాలేక పొద చాటున కూర్చుని ఉన్నాడట. కేకేస్తే పిట్ట పోతుందని వాళ్ళు పిలవలేదట.

నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి దుప్పటి కింద భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడు. ఈ మనిషి ఏడవడం నేను చూడలేదు.

పెరటి కిటికీకి తెర వేసి ఉంది. రాణిగారు సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. చూపించాలా? వెళ్ళిపోతున్నానని చెప్పాలా? ముందు ఏది? చూపించి చెప్తే చెప్పింది వినడు. చెప్పి చూపిస్తే లంచం ఇచ్చినట్టుంటుంది. రేపు పొద్దున చూపిస్తాను, ముందు. పాపం. పాపం ఏమీ లేదు, చూపిస్తాను, అంతే.

శుక్రవారం

మెలకువ రాలేదు. ఇన్ని రోజుల్లో ఇవాళే.

పెరట్లో ఏదో టకటక కొట్టుకుంటున్న చప్పుడుకి లేచాను. వెళ్ళేసరికి మహానుభావుడు కుళాయి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కొత్త కుళాయి తళతళలాడుతోంది. గడ్డి మొత్తం పీకి గోడవారగా కుప్ప పెట్టాడు. బురద ఎత్తేసి, నేల చదును చేసి, ఇటుకలు పరిచాడు. వేలికి దెబ్బ తగిలి గుడ్డ చుట్టుకున్నాడు.

"చూడు, ఒక్క బొట్టు కారట్లేదు" అన్నాడు. "వస్తూ దారిలో వ్యాను ఆపించి కొన్నాను. రాణిగారు ఎలాగూ ప్రాప్తం లేదు, ఇంట్లో ఒక్క పనన్నా చేద్దామనిపించింది. ఏడాదిగా అడుగుతున్నావు కదా. గడ్డి కూడా తీసేశాను, పురుగూ పుట్రా చేరుతుందని."

నేను గడ్డి కుప్ప దగ్గరికెళ్ళి కెలికాను. ఏమీ లేదు. గోడ అవతల చూశాను. ఏమీ లేదు. వెనక్కి తిరిగేసరికి ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేకపోయాను.

"ఇంత చిన్నదానికేమిటి, పిచ్చిదానా" అని భుజం మీద తట్టాడు. ఆయన కళ్ళూ చెమ్మగిల్లాయి.

కొంప ముంచడమంటే నీళ్ళు వదిలి ముంచడమని విన్నాను. నీళ్ళు ఆపి ముంచినవాణ్ణి ఇవాళే చూశాను. ఈ మనిషి తన జన్మలో ఇంట్లో చేసిన మొదటి పని ఇది. ఎంత శ్రద్ధగా చేశాడో, ఇటుకలు తాడు పట్టి వరస పెట్టాడు.

శుక్రవారం, సాయంత్రం

ఒక్క మాట చాలు. "మీరు ఇవాళ పీకిన గడ్డిలో రాణిగారు ఉండేది" అంటే చాలు. ఇక ఆయన ఏ చెరువు గట్టు మీదా కుదురుగా కూర్చోలేడు.

చెల్లెలికి ఇప్పుడు చెప్పాను, మొత్తం. అది నవ్వి నవ్వి, "ఆ మాట బావ మొహాన పడేసి బస్సెక్కు అక్కా. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు" అంది.

నాలుగుసార్లు ఆయన దగ్గరికి వెళ్ళాను. నాలుగుసార్లూ వేలికి కట్టు సరిచేసి వచ్చాను. జాలి కాదు. నా పిట్ట సంగతి ఆయనకి ఇవ్వడం ఇష్టం లేదు, అంతే.

శనివారం

మేనేజరుగారికి పళ్ళు అందాయి. పెట్టుకుని ఆఫీసంతా తిరిగి నవ్వారట.

బస్టాండు దాకా వెళ్ళొచ్చాను.

ఆదివారం

పొద్దున్నే కుళాయి సన్నగా తిప్పి వదిలేసి, ఇటుకలు నాలుగు ఊడబీకాను. ఆయన వచ్చి చూశాడు.

"అదేమిటి? నీళ్ళు వృథా."

చెప్పేశాను. కుళాయి కింద రాణిగారు ఇన్నాళ్ళూ ఉండేదని, నేను రోజూ చూశానని, మీరు ఫోను చేసినప్పుడు స్నానం చేస్తోందని. కేకలేస్తూ చెప్దామనుకున్నాను. కూర పాడైపోయిందని చెప్పినట్టు చెప్పాను.

ముందు నవ్వాడు. "మామూలు నీటికోడి అయ్యుంటుంది. కొత్తవాళ్ళు అలాగే పొరబడతారు" అన్నాడు, సంఘంలో పిల్లలతో మాట్లాడే గొంతుతో.

"కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దువ్వెన మీద గోరు లాగినట్టు అరిచింది" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఆ అరుపు ఎలా ఉంటుందో ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. అసలు ఏ పిట్ట గురించీ కూర్చోబెట్టి చెప్పలేదు. తడి ఇటుకల మీద అలాగే కూర్చుండిపోయాడు. తను పరిచిన ఇటుకల్ని చూశాడు, గోడవార ఎండిపోయిన గడ్డిని చూశాడు. తిడతాడేమో, ఏడుస్తాడేమో, ద్రోహం అంటాడేమో అని నిలబడ్డాను. అంటే అనడానికి నా దగ్గర బోలెడు సిద్ధంగా ఉంది.

"నువ్వు మాట్లాడుతూనే ఉండేదానివా?" అన్నాడు.

"ఉండేదాన్ని."

"ఎగిరిపోలేదా?"

"లేదు."

తల ఊపాడు. కుళాయి కింద కొంచెం నీళ్ళు నిలిచాయి. వాటికేసి చూస్తూ, "ఏం చెప్పేదానివి దానికి?" అన్నాడు.

ఈ ప్రశ్న కోసం నేను సిద్ధంగా లేను. ఇన్నేళ్ళలో నేను ఎక్కువ మాట్లాడతానని అన్నాడు కానీ ఏం మాట్లాడతానో అడగలేదు. పక్కన ఇంకో ఇటుక మీద కూర్చున్నాను.

"వెళ్ళిపోతున్నానని" అన్నాను. "ముందు అది చెప్పాను. తర్వాత ఎందుకో చెప్పాను."

"నాకూ చెప్పు."

చెప్పాను. చెరువు గట్టు మీద కొంగ దగ్గర మొదలుపెట్టాను. ఆయన మధ్యలో ఒక్క మాట అనలేదు, గడియారం చూడలేదు, షాపు తెరిచే వేళ దాటినా లేవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మెడ కొంచెం ముందుకి చాచి, కళ్ళార్పకుండా నాకేసి చూస్తూ కూర్చున్నాడు. పిట్టల దగ్గర ఇలాగే కూర్చుంటాడు కాబోలు. నేనెప్పుడూ చూడలేదు కదా. కళ్ళజోడు సంగతికి రాకముందే చెయ్యి చాపి ఆ దారాన్ని వేలితో ముట్టుకున్నాడు.

ఎండ ఎక్కింది. నా గొంతు ఎండిపోయింది.

"ఇంకా ఉందా?" అన్నాడు.

"చాలా ఉంది."

"సరే" అన్నాడు. లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చాడు. నేను తాగేదాకా ఆగి, నేలకేసి చూస్తూ అడిగాడు, "బస్సు ఎప్పుడు?"

"ఇంకా టిక్కెట్టు తీయలేదు" అన్నాను.

నిన్ననే తీశాను. రేపు పొద్దున బస్సు. చెప్పాల్సింది ఇంకా సగం పైనే ఉంది.